ఒక్కచెట్టు కల్లు

శివకుమారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె పనిచేసే ఇంటి ఇల్లాలు రాణికి ముక్కు ఉండీ లేనట్టే. చూడటానికి చక్కటి ముక్కు, దానికో పుడక కూడా. వాసన మాత్రం తెలియదు. కరోనా జ్వరం పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకుపోయింది. అందరికీ కొన్నాళ్ళకు తిరిగొచ్చింది, ఈమెకు రాలేదు.

ఇంకొకరికైతే అదొక చిన్న లోటు. పోపు మాడితే తెలియదు, పాలు విరిగితే తెలియదు, ఎలాగో సర్దుకుపోతారు. రాణికి అన్నం పెట్టిందే ముక్కు. జగిత్యాల దగ్గర పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసే లస్మయ్య కూతురామె. సూక్ష్మజీవుల చదువు చదివి, హైదరాబాదులో బీరు కాచే చోట ఉద్యోగం చేసింది. తొట్టి మూత తీసి వాసన చూసి, ఇది సిద్ధం, ఇది ఇంకా కావాలి, ఇది చెడింది అని చెప్పడమే పని. జ్వరం వచ్చి తగ్గాక ఒకరోజు చెడిన తొట్టిని మంచిదని చెప్పింది. వాళ్ళేమీ అనలేదు, తనే మానేసింది. భర్త నితీష్‌కు ఖతర్‌లో సముద్రం మీద గ్యాస్ తీసే చోట ఉద్యోగం రాగానే ఇద్దరూ వచ్చి అల్ వుకైర్‌లో ఒక విల్లాలో దిగారు. "బీరు ఊసే ఎత్తకూడని దేశానికి వచ్చాం, ఇంక ఆ దిగులు కూడా ఉండదు" అని నితీష్ ఏదో సరదాకన్నాడు. కొన్ని మాటలు సరదాకు కూడా అనకూడదని మగవాళ్ళకు ఎప్పుడు తెలుస్తుందో! వారం పాటు ఆమె అతనితో మాట్లాడలేదు.

శివకుమారిది పాలకొల్లు దగ్గర పల్లె. ఇంతకుముందు రెండు ఇళ్ళలో చేసింది. ఒక ఇంట్లో వంటగది పక్క సందులో పడుకుంది, ఇంకో ఇంట్లో పిల్లల మంచం కింద పడుకుంది. ఈ ఇంట్లో ఆమెకో గది ఉంది. గదికి తలుపు, తలుపుకు లోపలివైపు గడియ. మొదటిరోజు ఆ గడియను వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. ఆ గడియ కోసం ఆమె ఏమైనా చేస్తుంది, ఎంత కోపమైనా మింగుతుంది.

నితీష్ నెలలో సగం సముద్రం మీదే ఉంటాడు కాబట్టి ఇంట్లో ఉండేది ఇద్దరు ఆడవాళ్ళే. ఒక పొద్దున రాణి కాఫీ కప్పు పట్టుకుని ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"శివక్కా, మల్లెపూల వాసన వస్తున్నది గదా?"

"లేదమ్మా. ఇంట్లో మల్లెపూలే లేవండి."

రాణి మళ్ళీ కూర్చుంది, కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. అది చూసి శివకుమారికి జాలేసింది. అందుకే ఇంకోసారి తను నిమ్మకాయ కోస్తుంటే "సంపెంగ వాసన వస్తున్నదా?" అని రాణి అడిగినప్పుడు, పోనీలే పాపమని "ఆయ్, వస్తుందండి" అనేసింది. చేతిలో ఉన్నది నిమ్మకాయని రాణికి కళ్ళు చెప్పాయి. అంత కోపం ఆమెలో ఉందని శివకుమారి అప్పటిదాకా అనుకోలేదు.

"నాకు అబద్ధం చెప్పకు శివక్కా. నా ముక్కు ఇప్పుడు నీ దగ్గరున్నది. నువ్వే అబద్ధమాడితే నేను ఎవర్ని అడగాలె?"

శివకుమారి తల వంచుకుని, ఇంకెప్పుడూ చెప్పనంది. మనసులో మాత్రం జాలిపడితే తిట్లు తినే రోజులొచ్చాయని విసుక్కుంది.

ఘాటైన వాసన ఏదో ఒకటి ఎంచుకుని దాన్నే రోజూ చూడమన్నాడు డాక్టరు. ముక్కుకు మళ్ళీ అఆలు దిద్దించడమన్నమాట. అప్పుడు పుట్టింది రాణికి ఈ ఆలోచన. బీరులో చేదుకూ వాసనకూ హాప్స్ అనే పువ్వులు వేస్తారు. మామూలుగా నాలుగైదు రకాలు కలుపుతారు. తను ఒక్కటే రకం వేసి, గట్టిగా, బాగా చేదుగా ఒక ఏల్ కాస్తానంది. ఏల్ అంటే బీరులోనే ఒక రకం, కాస్త చిక్కనిది.

"ఆ పువ్వుల్నే వాసన చూడొచ్చు కదండీ. ఈ వంటంతా ఎందుకు?" అంది శివకుమారి.

"చూస్తనే ఉన్న. ఏం తెలుస్తలేదు. పులిసినంక దాని వాసన ఇంకో తీరుగ లేస్తది. మూత తీయంగనే గుప్పుమంటది. ఏండ్ల కొద్ది చూసిన వాసన, నా ముక్కుకు యాదికి రాకుంట పోదు."

"మరి ఒక్కటే రకం ఎందుకండీ?"

రాణి కొంచెం నవ్వింది. "మా దిక్కు పాణం బాగలేనోళ్ళకు ఒక్కచెట్టు కల్లు తాపుతరు. పది చెట్లది కలిపిన కల్లు తాగితే ఏది మందో ఎట్ల తెలుస్తది? మా బాపు అయితే కల్లు లొట్టి మూతికాడ వాసన చూసి అది ఏ చెట్టుదో చెప్తుండె. ఆ ముక్కే నాకొచ్చింది."

"దొరికితే ముందు జైలండి, తర్వాత విమానం. మీతోపాటు నాకూను."

"ఒక్కసారే. ఒక్క కుండే. మళ్ళ అడగ."

శివకుమారి సరేననలేదు, వద్దనలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఇక్కడ ఏకంగా కల్లే కాస్తామంటోంది మహాతల్లి, అని గిన్నెలతో చెప్పుకుంటూ తోమింది. ఆ గిన్నెలు ఆ రోజు మామూలుకన్నా తెల్లగా మెరిశాయి.

సరుకులు ఒక్కొక్కటే చేరాయి. బార్లీ మొలకల పాకం సీసాలు, ఘాటు పెంచడానికి ఖర్జూరం పాకం, హైదరాబాదు స్నేహితురాలు పంపిన ఈస్టు. హాప్స్ మాత్రం సూక్‌లో, అంటే పాత బజారులో, మూలికలు అమ్మే కొట్టులో దొరికాయి. నిద్రపట్టనివాళ్ళు కాచుకు తాగుతారట. అవి ఏ రకమో కొట్టువాడికే తెలియదు, కానీ కొట్టులో ఉన్నది ఒక్కటే రకం. రాణికి అది చాలు. పొట్లం శివకుమారి చేతికిచ్చి, "నలిపి రెండు మూటలు కట్టు శివక్కా. ఒకటి మరిగేటప్పుడు ఏస్త, ఇంకోటి పులిసినంక ఏస్త" అని చెప్పి ఆస్పత్రికి వెళ్ళింది.

శివకుమారి పొట్లం విప్పింది. పచ్చటి ఎండుపువ్వులు, పొరలు పొరలుగా ఉన్నాయి. వాసన ముక్కుకు తగలగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఈ వాసన తనకు తెలుసు. చిన్నప్పుడు గోదావరి పుష్కరాల్లో రేవు మెట్ల మీద బైరాగులు చిలుం పీలుస్తుంటే ఇదే వాసన. అమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టి లాక్కుపోయింది. పొట్లం మీద నల్లసిరాతో అరబ్బీలో ఏదో రాసి ఉంది. ఆమెకు అరబ్బీ రాదు.

వెనక గోడ అవతల ఖతరీల ఇల్లు. అక్కడ పనిచేసే జమీలా బట్టలు ఆరేస్తోంది. రాయచోటి మనిషి. అదే ఇంటి డ్రైవరు ఓబులయ్య కారు తుడుస్తున్నాడు. ఆయనది రాజంపేట వైపు. జమీలా చిన్నప్పుడు ఖురాను చదవడం నేర్చుకుంది కనుక అరబ్బీ అక్షరాలు వచ్చు, అర్థం రాదు. ఓబులయ్య కువైట్‌లోనూ ఇక్కడా కలిపి సగం జీవితం అరబ్బుల బండ్లే నడిపాడు కనుక మాట వచ్చు, అక్షరం రాదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి సరిపోతుందని శివకుమారి అనుకుంది. గోడ మీదుగా పొట్లం అందించింది.

"జేర్ జబర్ గుర్తులు, మన గుణింతాల మాదిరివి, లేవక్కా, ఉంటే గడగడా సదువుదును" అంటూ జమీలా అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "హ... షీ... షత్. అద్... దీ... నార్."

ఓబులయ్య చేతిలో గుడ్డ కిందపడింది. "ఏమన్నెవు? హషీషా? సరిగ్గా సూడుమే."

"హషీషనే ఉందన్నా. హషీషత్ అద్దీనార్."

"దీనారంటే కువైట్ ఫులూస్, దుడ్లు. హషీషంటే ఇంకేముంది, గంజాయి. దుడ్లకమ్మే గంజాయిక్కా ఇది!" ఓబులయ్య పొట్లం వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "సందేహమే లేదు. మా బామ్మర్ది నాగూర్ సంగతి సెప్పినా కదా నీకు? ఊరగాయ సీసా మావోళ్ళకియ్యమని ఎవడో ఇస్తే పట్టుకొచ్చినాడు. లోపల ఇదే. వాడేం పాపం సేసినాడు? ఇప్పుటికీ లోపలే ఉండాడు. ఆ ఇంట్లో ఇది దొరికితే మొదుట పోయేది నువ్వే. యల్లా, నీళ్ళల్లో పారెయ్ పో."

"తౌబా తౌబా" అని జమీలా చెంపలేసుకుంది.

ముక్కు, అక్షరం, మాట మూడూ ఒకటే సాక్ష్యం చెప్పాక ఇక ఆలోచించడానికేముంది? శివకుమారి పొట్లమంతా బాత్‌రూములో పోసి, నీళ్ళు వదిలి, మళ్ళీ వదిలింది. చేతులు సబ్బుతో రుద్దుకుంది. కోపం అప్పుడొచ్చింది. చదువుకున్న పిల్ల, దిగులు పడి పడి చివరికి ఈ పాడు అలవాటులోకి దిగిందా? దిగితే దిగింది, మూటలు కట్టమని తనకెందుకిచ్చింది? వెనువెంటనే జాలి కూడా వచ్చింది. ఆ రెండూ కలిస్తే మనిషి ఎటూ కాకుండా పోతుంది.

అడుగుదామంటే ఎలా అడగడం? "అమ్మా, మీరు గంజాయి తాగుతున్నారా" అని అడిగిన పనిమనిషిని ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా? పారబోశానంటే ఎందుకని అడుగుతుంది. పారబోయలేదంటే మూటలేవని అడుగుతుంది. అప్పుడు ఆమెకు తన పెట్టెలో ఉన్న వేపపువ్వు గుర్తొచ్చింది. ఉగాది పచ్చడికని చెల్లెలు ఎండబెట్టి పంపిన సంచి. చేదు కావాలి, అంతే కదా. ముక్కు లేని మనిషికి ఏ చేదైనా చేదే. పైగా వేప మందు, ఒంటికి మంచిది. ఇంత గొప్ప ఉపాయం తట్టినందుకు కాస్త గర్వపడి, మెత్తని గుడ్డలో పువ్వు పోసి రెండు మూటలు బిగించి కట్టింది.

శుక్రవారం వీధంతా నమాజుకు వెళ్ళినప్పుడు రాణి పొయ్యి వెలిగించింది. పెద్ద గిన్నెలో పాకం మరుగుతుంటే మొదటి మూట వేసింది. వంట చేస్తున్నంతసేపూ ఆమె వేరే మనిషి. కొంగు దోపుకుని, గరిటెతో తిప్పుతూ, ఎప్పుడు మంట తగ్గించాలో బుడగలు చూసి చెబుతూ, ఎవరితోనో పందెం వేసినట్టు ఉంది. చెంచాతో కాస్త తీసి చల్లార్చి నాలుక మీద వేసుకుంది.

"మస్తు చేదొచ్చింది శివక్కా! ఇంత చేదు నేను ఎన్నడు పట్టలే."

"అలాగాండీ" అంది శివకుమారి గిన్నెలోకి చూస్తూ.

చల్లారాక పెద్ద నీళ్ళ బాటిల్లో పోసి, ఈస్టు కలిపి, మూతికి సన్నటి గొట్టం పెట్టి, సామాన్ల గదిలో ఏసీ వేసి ఉంచారు. మర్నాటి నుంచి అది బుడుగు బుడుగుమని మాట్లాడటం మొదలెట్టింది. రాణి రోజుకు పదిసార్లు వెళ్ళి దాని పక్కన కూర్చునేది. గల్ఫంతా దుబాయే అనుకునే తల్లి బాలవ్వ ఫోను చేసి, "దుబాయ్ల ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగితే "కల్లు గీస్తున్నవ్వా" అని నవ్వింది. తల్లి నమ్మలేదు. రాణి అలా నవ్వడం శివకుమారి ఎన్నాళ్ళకో వింది. సంతోషించాల్సింది పోయి, పెట్టెలో మిగిలిన వేపపువ్వు గుర్తొచ్చి అక్కణ్ణుంచి లేచొచ్చేసింది.

ఆ వారంలోనే ఓబులయ్య గోడ దగ్గర నిలబడి సైగ చేశాడు. ముఖం ముడుచుకుపోయి ఉంది. పక్కన జమీలా నేల చూపులు చూస్తోంది.

"అక్కా, కోప్పడొద్దు. పొద్దున మా ఇంటి పెద్దమ్మ తోటమాలితో, హషీష్‌కు నీళ్ళు పెట్టలేదేమని అరిసింది. నా గుండె ఆగిపొయ్యింది. సూస్తే ఆయమ్మ సూపిస్తాండేది గడ్డిని! ముందర పెంచినారే, ఆ పచ్చగడ్డి. హషీషంటే గడ్డంటక్కా. గంజాయిక్కూడా అదే పేరంట గానీ, అసలుకు గడ్డే."

"నేను మామాను, అదే ఆ పెద్దమ్మను, అడిగినానక్కా," అంది జమీలా సన్నగా. "హషీషత్ అద్దీనారంటే నిద్దరకు తాగే పువ్వంట. వాళ్ళమ్మ కాసి ఇచ్చేదంట. నవ్వింది నన్ను చూసి."

ఆ పువ్వూ గంజాయీ ఒకే జాతివని, అందుకే వాసన కలిసిందని ముగ్గురిలో ఎవరికీ తెలియదు. శివకుమారి ఇద్దర్నీ కడిగేసింది. "అర్థం తెలీని చదువొకరిది, చదువు రాని అర్థం ఒకరిది! మిమ్మల్నడిగిన నన్ననాలి!" అంది. తిట్టిన కొద్దీ తేలికవుతుందనుకుంది గానీ కాలేదు. పొట్లం విప్పి నీళ్ళలో పోసిన చేతులు వాళ్ళవి కావు. పొట్లం ఇచ్చిన రాణిని ఒక్క మాట అడగకుండా గోడ అవతల అడిగింది తనే. ఓబులయ్య పాపం డ్యూటీ మీద ఊళ్ళో ముషైరిబ్ వైపు వెళ్ళినప్పుడు సూక్ దాకా నడిచి ఆ కొట్టులో అడిగాడు. కొట్టువాడు మాఫీ, అంటే లేదు, అన్నాడట. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేడట.

చెప్పేయొచ్చు. రోజూ పొద్దున్నే ఈ రోజు చెప్పేస్తానని లేచేది. రాణి ఎదురుపడి నవ్వగానే రేపు చెబుదామనుకునేది. బుడగలు తగ్గాక రాణి చెయ్యి చాపి "రెండో మూట తే శివక్కా" అన్నప్పుడు కూడా, ఇచ్చేసింది. మొదటి మూట భయంతో కట్టింది. రెండోది పిరికితనంతో ఇచ్చింది. రెండింటికీ తేడా ఉందని ఆమెకు తెలుసు, తెలిసే ఇచ్చింది.

మూత తీసిన రోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. రాణి హాల్లో పరదాలు లాగి, రెండు స్టీలు గ్లాసులు బల్ల మీద పెట్టింది. తలస్నానం చేసి ఉంది. పండక్కి తయారైనట్టు బొట్టు పెద్దది పెట్టుకుంది. శివకుమారికి ఆ బొట్టు చూస్తే భయమేసింది. ఈ పిల్ల ఇప్పుడు తనకు తెలిసిన వాసన కోసం వెతుకుతుంది. అది ఇందులో లేదు. ఏమీ దొరక్క, ముక్కు ఇక రాదనుకుంటుంది. అది ముక్కు తప్పు కాదని తనొక్కర్తికే తెలుసు.

గ్లాసులో తేనెరంగు, పైన నురగ. రాణి గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. దించింది. మళ్ళీ ఎత్తింది. ఒక గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని, ముక్కుతో గాలి వదిలింది. ఆమె భుజాలు కదలడం మానేశాయి.

"శివక్కా. ఏదో వస్తున్నది."

శివకుమారి బల్ల దగ్గరికి జరిగింది.

"సన్నగ వస్తున్నది. చేదు కాదు, చేదు నాలికె మీదున్నది. ఇది వేరే. తియ్యగ... తేనె లెక్క. ఎండకాలం మొదట్ల, పొద్దుగాల వాకిలి ఊడుస్తుంటే వచ్చేది." ఆమె గ్లాసును మళ్ళీ ముఖానికి ఆనించుకుంది. "వేపపువ్వు. ఇది వేపపువ్వు వాసన గదా!"

ఆ ముఖంలో వెలుగు అలా వచ్చి ఇలా పోయింది. రాణి గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"హాప్స్ ఏస్తే వేపపువ్వు వాసనెట్లొస్తది? మళ్ళ గదే. మల్లెపూల లెక్క. లేనిది ఉన్నట్టు చూపిస్తున్నది నా ముక్కు." గ్లాసును శివకుమారి వైపు జరిపింది. "ఇగ చాలు. పారబోస్త. ఒక్కసారి నువ్వు చూసి చెప్పు. లేదంటే లేదను, నేనేం ఏడ్వను. అబద్ధం మాత్రం చెప్పకు."

శివకుమారి గ్లాసందుకుంది. వాసన చూడాల్సిన అవసరం కూడా లేదు. "వేపపువ్వెక్కడిదమ్మా, మీ పువ్వే" అంటే చాలు. మూటలు బయటపడవు, గంజాయి మాట బయటపడదు, గది ఉంటుంది, గడియ ఉంటుంది. రాణి ఈ రోజు ఏడుస్తుంది, రేపటికి సర్దుకుంటుంది. రెండేళ్ళుగా సర్దుకోవడం లేదా? ఒక్క మాట. కానీ ఆ మాటతో ఈ పిల్ల తిరిగొచ్చిన ముక్కును తన చేతులతోనే పారబోసుకుంటుంది. మళ్ళీ జన్మలో దాన్ని నమ్మదు.

గ్లాసు పెట్టేసి శివకుమారి తన గదిలోకి వెళ్ళింది. పెట్టెలోంచి సంచి తెచ్చి, మిగిలిన పువ్వంతా రాణి దోసిట్లో కుమ్మరించింది.

"మీ ముక్కు మోసం చెయ్యలేదండి. మోసం చేసింది నేనండి. వేపపువ్వేనండి అది. రెండు మూటల్లోనూ వేపపువ్వే కట్టానండి."

రాణి దోసిట్లోకి చూసింది. "మరి నా హాప్స్?"

"పారబోశానండి. పొట్లం మీద హషీషని రాసుందని జమీలా చదివిందండి. అంటే గంజాయన్నాడు ఓబులయ్య. నాక్కూడా ఆ వాసనే వేసిందండి. భయపడిపోయానండి. తర్వాత కాదని తెలిసినా, చెప్పడానికి నోరు రాలేదండి."

"గంజాయా?" రాణి గొంతు పైకి లేచింది. "నేను గంజాయి తాగుతున్ననుకున్నవా? ఇన్ని దినాలు అట్ల అనుకుంటనే నాకు బువ్వ పెట్టినవా?"

"ఆయ్" అంది శివకుమారి. ఏడుపు తన్నుకొస్తోంది, కోపం కూడా వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు. "పొమ్మంటే బట్టలు సర్దుకుంటానండి. కానీ ముక్కు మాత్రం వచ్చిందండి మీకు. అది నిజమండి. ఒట్టండి."

రాణి దోసిలి ముఖం దగ్గరికి తెచ్చుకుని గాలి పీల్చింది. గ్లాసు వాసన చూసింది. మళ్ళీ దోసిలి. ఇంటి వాకిట్లో లొట్టి మూతి దగ్గర వంగిన లస్మయ్య కూడా ఇలాగే ఉండేవాడేమో. ముక్కుపుడకకు ఒక చిన్న ఎండుపువ్వు అంటుకుంది, ఆమె తుడుచుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం పువ్వు మీదికి కారుతున్నాయి.

తలెత్తకుండానే అడిగింది.

"ఏ చెట్టుది శివక్కా?"

"మా పెరట్లోదండి."

"ఎన్ని చెట్లున్నయి?"

"ఒక్కటే చెట్టమ్మా."